ఒకే మెషిన్‌కి రెండు రికార్డులు: ఓ మెషిన్ షాపులో ఈఆర్‌పీనెక్స్ట్ ఏర్పాటు

ఈ కేసులోని షాపు బాలానగర్, జీడిమెట్ల వైపు వీధికొకటి కనిపించే రకం. పంపు షాఫ్టులు, వాల్వ్ బాడీలు, గేర్ బ్లాంకులు చేస్తుంది. రెండు షిఫ్టులు, నెలకు 26 రోజుల పని. సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ వెర్షన్ 15లో అమ్మకాలు, కొనుగోళ్లు, స్టాకు అప్పటికే నడుస్తున్నాయి. మాన్యుఫ్యాక్చరింగ్ మాడ్యూల్ తెరిచాకే ఇబ్బంది మొదలైంది. వర్క్ ఆర్డర్ (ఫలానా వస్తువు ఇన్ని చేయాలనే ఉత్తర్వు) చూపించిన తేదీలను ఫ్లోర్‌లో ఎవరూ నమ్మలేదు. జాబ్ కాస్టును అకౌంట్స్ వాళ్లు నమ్మలేదు. వెతుక్కుంటూ పోతే రెండింటి మూలమూ ఒక్కచోటే దొరికింది: మెషిన్ రికార్డులు. కింది లెక్కల్లోని ధరలు, జీతాలు, కరెంటు రేటు పద్ధతి చూపించడానికి గుండ్రంగా తీసుకున్నవి. ఎవరి షాపు అంకెలు వాళ్లు వేసుకోవాలి.

జరిగిన పొరపాటు చాలామంది చేసేదే. అకౌంట్స్ దగ్గర ఉన్న ఫిక్స్‌డ్ అసెట్ రిజిస్టర్‌ని ఎక్సెల్‌లో తీసుకుని, 31 వరసలనూ ఉన్నవున్నట్టే వర్క్‌స్టేషన్లుగా (పని జరిగే చోట్లుగా) ఎక్కించేశారు. దాంతో కంప్రెసర్, డీజీ సెట్ (డీజిల్ జనరేటర్), క్రేన్ కూడా వర్క్‌స్టేషన్లు అయిపోయాయి. రోజూ ముగ్గురు కూర్చుని పనిచేసే డీబరింగ్ టేబుల్ (కోసిన అంచుల గరుకు తీసే బల్ల) మాత్రం జాబితాలో లేదు, ఎందుకంటే ఆ టేబుల్‌ని ఎవరూ ఆస్తిగా కొనలేదు. ఎప్పుడో అమ్మేసిన రెండు పాత లేత్‌లు రిజిస్టర్‌లో అలాగే ఉండడంతో, ప్లానింగ్ వాటికి కూడా పని కేటాయిస్తోంది.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో అసెట్ వేరు, వర్క్‌స్టేషన్ వేరు. అసెట్‌కి కావలసినవి కొన్న ధర, తరుగుదల, ఉన్న చోటు, మెయింటెనెన్స్. వర్క్‌స్టేషన్‌కి కావలసినవి గంట రేటు, పని గంటలు, ఒకేసారి ఎన్ని జాబులు నడుస్తాయన్న లెక్క. రెండింటినీ కలిపే ఫీల్డ్ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ఉండదు, మనమే పెట్టుకోవాలి. ఈ కేసులో చేసిన పని చాలావరకు ఆ కలపడం చుట్టూనే తిరిగింది.

ముందు కాగితం, పెన్సిల్

సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందు షాపంతా నడిచి మెషిన్లు లెక్కపెట్టారు. పక్కన మెయింటెనెన్స్ ఫిట్టర్, ప్రొడక్షన్ ఇన్‌చార్జ్ ఇద్దరూ ఉండాలి. ఒక్కరే ఉంటే సగం సమాచారమే వస్తుంది. ప్రతి మెషిన్ దగ్గరా రెండు ప్రశ్నలు అడిగారు. దీనికి ధర, మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్ ఉన్నాయా? ఉంటే అసెట్. దీని ముందు జాబులు వరసలో నిలబడతాయా? నిలబడితే వర్క్‌స్టేషన్. రెండింటికీ అవునంటే రెండు రికార్డులూ కావాలి.

తేలిన లెక్క ఇది: సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు 8, వీఎంసీలు (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్లు) 5, మామూలు లేత్‌లు 3, సిలిండ్రికల్ గ్రైండర్లు 2, సర్ఫేస్ గ్రైండర్ 1, బ్యాండ్‌సా 1, పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్లు 2, టెంపరింగ్ ఫర్నేస్ 1, సీఎంఎం (కొలతలు తనిఖీ చేసే మెషిన్) 1. ఇవి 24. వీటికి తోడు కంప్రెసర్లు 2, డీజీ సెట్ 1, ఈఓటీ క్రేన్ (పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్) 1, విడిగా కొన్న 4వ అక్షం రోటరీ టేబుల్ (వీఎంసీ మీద జాబ్‌ని తిప్పే బల్ల) 1. మొత్తం 29 అసెట్లు. అమ్మేసిన రెండు లేత్‌లు తీసేస్తే రిజిస్టర్‌లోని 31తో సరిపోయింది.

వర్క్‌స్టేషన్లు మాత్రం 24 వచ్చాయి. పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్లు రెండింటినీ ఒకే మనిషి నడుపుతాడు. రెండిటి మీదా ఒకేసారి పని జరగదు కాబట్టి అవి ఒకే వర్క్‌స్టేషన్, ప్రొడక్షన్ కెపాసిటీ 1. డీబరింగ్ టేబుల్‌కి అసెట్ లేదు, వర్క్‌స్టేషన్ మాత్రం ఉంది. ముగ్గురు కూర్చుంటారు కాబట్టి కెపాసిటీ 3. సీఎంఎం దగ్గర ఇన్‌స్పెక్షన్ కోసం జాబులు గంటలకొద్దీ ఆగుతాయి కాబట్టి దాన్నీ వర్క్‌స్టేషన్ చేశారు. చాలా షాపుల్లో దీన్ని వదిలేస్తారు. అలా వదిలేస్తే డెలివరీ తేదీలో ఒకటి రెండు రోజులు ఎక్కడికి పోతున్నాయో ఎవరికీ అంతు చిక్కదు.

మెషిన్‌తో పాటే వచ్చిన చిప్ కన్వేయర్, కూలెంట్ ట్యాంకు, స్టెబిలైజర్‌లకు విడి అసెట్లు పెట్టలేదు. రోటరీ టేబుల్‌కి పెట్టడానికి కారణం అది రెండు వీఎంసీల మధ్య తిరుగుతుంది, పైగా బిల్లు వేరు. తిరిగే వస్తువు ఒక మెషిన్ ధరలో కలిసిపోతే, ఆ మెషిన్ అమ్మిననాడు లెక్క తెగదు.

నంబరు, లింకు

ప్రతి మెషిన్‌కీ ఒక ఫ్లోర్ నంబరు ఇచ్చారు: సీఎల్-01 నుంచి సీఎల్-08, వీఎం-01 నుంచి వీఎం-05, ఇలా. వర్క్‌స్టేషన్‌కి పేరే గుర్తింపు కాబట్టి ఈ నంబరునే పేరుగా పెట్టారు. కంపెనీ, మోడల్ పేరులో కలపకూడదు. అసెట్‌కి ఈఆర్‌పీనెక్స్ట్ తన వరస నంబరు తానే ఇచ్చుకుంటుంది. దాన్ని కదిలించకుండా, అసెట్ పేరులో ఫ్లోర్ నంబరు ముందు, మెషిన్ వర్ణన తర్వాత వచ్చేలా రాశారు.

నంబరు చెక్కిన అల్యూమినియం ప్లేటును రివెట్లతో కొట్టించారు. క్యూఆర్ స్టిక్కరు పెట్టే చోటు ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు. డోర్ దగ్గరో, ఆపరేటర్ చేయి తగిలే చోటో పెడితే కూలెంట్‌కి, చిప్స్‌కి కొద్దివారాల్లోనే ఊడిపోతుంది. కాగితం స్టిక్కరు అసలు పనికిరాదు, పాలియెస్టర్ లేబుల్ కావాలి.

ఇక లింకు. మొదట్లో వర్క్‌స్టేషన్‌లో అసెట్ అనే కస్టమ్ ఫీల్డ్ పెట్టాలనుకున్నారు. డ్రిల్లింగ్ మెషిన్ల దగ్గర అది కుదరలేదు, రెండు అసెట్లకి ఒకటే వర్క్‌స్టేషన్ కదా. అందుకని ఫీల్డును అటు మార్చి, అసెట్‌లో వర్క్‌స్టేషన్ అనే లింక్ ఫీల్డ్ పెట్టారు. కంప్రెసర్‌కి అది ఖాళీగా ఉంటుంది, ఫర్వాలేదు. ఇక్కడ ఒక టిక్కు మరిచిపోకూడదు. అసెట్ సబ్మిట్ (ఖరారు) చేసే డాక్యుమెంటు. కస్టమ్ ఫీల్డులో ‘అలౌ ఆన్ సబ్మిట్’ టిక్కు లేకపోతే, సబ్మిట్ అయ్యాక ఆ ఫీల్డు మార్చడానికి వీలుండదు. 29 అసెట్లూ సబ్మిట్ చేశాక ఈ సంగతి తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

అదే టిక్కుతో అసెట్‌లో మరికొన్ని ఫీల్డులు చేర్చారు: మెషిన్ సీరియల్ నంబరు, కంట్రోలర్ (మెషిన్‌ని నడిపే కంప్యూటర్) రకం, కంట్రోలర్ సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం, కనెక్టెడ్ లోడ్ కిలోవాట్లలో, చక్ (జాబ్‌ని పట్టుకునే భాగం) సైజు లేదా స్పిండిల్ టేపర్, వారంటీ ముగిసే తేదీ, ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) ఎవరిది, వాడే నూనెల గ్రేడ్లు, చివరి కంట్రోలర్ బ్యాకప్ తేదీ. రెండు సీరియల్ నంబర్లు ఎందుకంటే, మెషిన్ తయారీదారుకి ఫోన్ చేస్తే ఒకటి అడుగుతారు, కంట్రోలర్ సర్వీసుకి చేస్తే రెండోది అడుగుతారు. రాత్రిపూట మెషిన్ ఆగినప్పుడు టార్చ్ పట్టుకుని ప్యానెల్ వెనక వెతికే అవస్థ తప్పుతుంది. నూనె గ్రేడు కూడా అంతే. స్లైడ్‌వేకి ఐఎస్‌ఓ వీజీ 68, హైడ్రాలిక్ ట్యాంకుకి వీజీ 32 లేదా 46, మెషిన్ మాన్యువల్ చెప్పినదే రికార్డులో ఉండాలి. ఫిట్టర్ మారినప్పుడల్లా నూనె మారకూడదు.

బ్యాకప్ తేదీ ఫీల్డు చిన్నదిగా కనిపిస్తుంది కానీ విలువైనది. ఫానుక్ లాంటి కంట్రోలర్లలో పారామీటర్లు (మెషిన్ సెట్టింగులు) బ్యాటరీ మీద నిలబడే మెమరీలో ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోతే అవీ పోతాయి, మెషిన్ ఇనుప దిమ్మలా మిగులుతుంది. పారామీటర్లు, పీఎంసీ ల్యాడర్ (మెషిన్ స్విచ్‌లను నడిపే ప్రోగ్రాం), ఆఫ్‌సెట్లు, మాక్రోలు మెమరీ కార్డులోకి తీసి, ఆ ఫైళ్లను అసెట్ రికార్డుకే అటాచ్ చేశారు. మెషిన్‌కి ఏం కావాలన్నా వెతికే చోటు ఒకటే ఉండాలి.

వర్క్‌స్టేషన్ టైపు: మేక్ చూడొద్దు, చేయగల పని చూడండి

బీఓఎంలో (వస్తువుకి కావలసిన సరుకు, చేయాల్సిన పనుల జాబితాలో) ఆపరేషన్‌కి ఫలానా మెషిన్ అని కాకుండా వర్క్‌స్టేషన్ టైపు ఇస్తే, కెపాసిటీ ప్లానింగ్ ఆ టైపులో ఖాళీగా ఉన్న మెషిన్‌ని ఎంచుకుంటుంది. ఈ సౌకర్యం బాగా పనిచేయాలంటే ఒక టైపులోని మెషిన్లన్నీ ఒకదాని బదులు ఒకటి నిజంగా వాడగలిగేవై ఉండాలి. పాత ఎక్కింపులో టైపులు కంపెనీల పేర్ల మీద ఉన్నాయి. వాటిని తీసేసి 8 సీఎన్‌సీ లేత్‌లను మూడుగా విడగొట్టారు: 200 మి.మీ. చక్‌వి, 250 మి.మీ. చక్‌వి, బార్ ఫీడర్ ఉన్నవి. వీఎంసీల్లో ఒకదాన్ని రోటరీ టేబుల్‌కి సొంత ఇల్లుగా నిర్ణయించి, దానికి విడిగా ‘వీఎంసీ 4 అక్షాలు’ అనే టైపు ఇచ్చారు. రోటరీ టేబుల్ ఒకటే కాబట్టి రెండు మెషిన్లకు ఆ టైపు ఇస్తే ప్లానింగ్ ఒకేసారి రెండింటి మీదా 4వ అక్షం పని పెట్టేస్తుంది. టేబుల్‌ని రెండో మెషిన్ మీదకు మార్చాల్సి వచ్చిన రోజున జాబ్ కార్డులో (ఒక్కో ఆపరేషన్ పని, పట్టిన గంటలు రాసే రికార్డులో) వర్క్‌స్టేషన్‌ని చేత్తో మార్చుకుంటారు.

టైపులో గంట రేట్లు నింపితే, కొత్త వర్క్‌స్టేషన్ తెరిచినప్పుడు ఖాళీగా ఉన్న రేట్లలోకి అవే వస్తాయి. ఆ తర్వాత టైపులో రేటు మార్చినంత మాత్రాన, ముందే నింపి ఉన్న వర్క్‌స్టేషన్లలో అది మారదు. ఏడాదికొకసారి రేట్లు సవరించేటప్పుడు ఇది గుర్తుండాలి.

పని గంటలు

ప్రతి వర్క్‌స్టేషన్‌కి షిఫ్టుల ప్రారంభ, ముగింపు సమయాలు వరసలుగా ఇవ్వాలి. వరసల సమయాలు ఒకదానిమీదకొకటి రాకూడదు. ముగింపు ఎప్పుడూ ప్రారంభం కంటే తర్వాతే ఉండాలి. ఫర్నేస్ రాత్రి కూడా నడుస్తుంది. 22:00 నుంచి 06:00 అని ఒకే వరసలో ఇస్తే సేవ్ కాదు. 22:00 నుంచి 23:59 వరకు ఒకటి, 00:00 నుంచి 06:00 వరకు ఒకటి, ఇలా రెండుగా విడగొట్టాలి.

హాలిడే లిస్టుకి మొదలు, చివర తేదీలు ఉంటాయి. డిసెంబరు 31తో ముగిసే లిస్టు కట్టిపెట్టి కొత్తది కట్టడం మరిచిపోతే, జనవరి నుంచి ఆదివారాలు కూడా పనిదినాలుగా ప్లాన్‌లోకి వచ్చేస్తాయి. సంక్రాంతి సెలవుల్లోనూ డెలివరీ చూపిస్తుంది. కరెంటు కోతలు వచ్చినప్పుడు కూడా ఇదే లిస్టు ఉపయోగపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టినట్టు మళ్లీ వస్తే, ఆ రోజులను ఇందులో చేర్చడమే దారి. డీజీ మీద నడిచే మెషిన్లకు విడి లిస్టు ఇవ్వొచ్చు.

గంట రేటు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, కాబట్టి లెక్క విడమరిచి చెప్పాలి. వర్క్‌స్టేషన్‌లో ఎలక్ట్రిసిటీ, కన్స్యూమబుల్స్, రెంట్, వేజెస్ అని నాలుగు ఉంటాయి. నాలుగూ కలిస్తే గంట రేటు. తరుగుదలకి విడి గడి లేదు, దాన్ని రెంట్‌లో కలిపారు.

ఒక వీఎంసీ తీసుకుందాం. ధర 30 లక్షలు. 2013 కంపెనీల చట్టం 2వ షెడ్యూల్ ప్రకారం సాధారణ ప్లాంట్, మెషినరీకి ఆయుష్షు 15 ఏళ్లు, మిగులు విలువ 5 శాతం. 28.5 లక్షలను 15తో భాగిస్తే ఏడాదికి 1.9 లక్షలు. రెండు షిఫ్టులు నడిస్తే ఆ కాలానికి తరుగుదల 50 శాతం ఎక్కువ, అంటే 2.85 లక్షలు. నెలకు 23,750. స్థలం 215 చదరపు అడుగులు, అడుగుకి 20 రూపాయల చొప్పున 4,300. షిఫ్టుకి ఒక ఆపరేటర్, జీతం 22,000, ఒక్కొక్కరు రెండు మెషిన్లు చూస్తారు. కాబట్టి ఈ మెషిన్ వంతుకు రెండు షిఫ్టులకూ కలిపి నెలకు 22,000. కూలెంట్, నూనె వగైరా 5,000. కరెంటు ప్యానెల్‌కి మీటరు పెట్టి చూస్తే గంటకు సగటున 7 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలైతే 56. కనెక్టెడ్ లోడ్ 20 కిలోవాట్లు ఉంది కదా అని గంటకు 20 యూనిట్లు వేయకూడదు. స్పిండిల్ పూర్తి లోడ్ మీద ఉండేది కొద్దిసేపే.

ఇప్పుడు దేనితో భాగించాలి? 26 రోజులు, 2 షిఫ్టులు, భోజనం, టీ పోను 7 గంటలు: 364. అందులో జాబ్ నిజంగా నడిచేది 70 శాతం అనుకుంటే దాదాపు 255 గంటలు. రెంట్ 28,050ని 255తో భాగిస్తే 110, వేజెస్ 86, కన్స్యూమబుల్స్ 20, కరెంటు 56. మొత్తం 272 రూపాయలు.

పాత ఎక్కింపులో భాజకం 720 గంటలు, అంటే 30 రోజులు రాత్రీపగలూ. ఆ లెక్కన రెంట్ 39, వేజెస్ 31, కన్స్యూమబుల్స్ 7, కరెంటు 56, మొత్తం 133. 18 నిమిషాల పీసుకి మెషిన్ ఖర్చు 82 రూపాయలు కావాల్సింది 40 అని చూపించింది. కొటేషన్లు ఆ అంకెతోనే పోతే, ఆర్డర్లు బాగా వస్తాయి, డబ్బు మిగలదు. ఎందుకు మిగలలేదో ఏ రిపోర్టూ చెప్పదు.

ఇన్సర్టులు, ఎండ్‌మిల్లులు లాంటి కోత పనిముట్లు ఈ రేటులో కలపలేదు. అవి జాబ్‌ని బట్టి మారతాయి కాబట్టి బీఓఎంలోనే ఐటమ్‌గా వేయడం మేలు. సూపర్‌వైజర్ జీతం, ఆఫీసు ఖర్చు, బ్యాంకు వడ్డీ ఇందులో లేవు. కొటేషన్‌లో వాటికి విడిగా శాతం వేసుకుంటారు.

అకౌంట్స్ వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తయారీ ఎంట్రీ పడినప్పుడు ఈ రేటు మేరకు ఖర్చు స్టాకు విలువలో కలుస్తుంది, ఆ మేరకు ఒక ఖర్చుల ఖాతా క్రెడిట్ అవుతుంది. అసలు జీతాలు, కరెంటు బిల్లు విడిగా డెబిట్ అవుతూనే ఉంటాయి. కంపెనీ సెటప్‌లో ఆపరేటింగ్ కాస్ట్‌కి విడి ఖాతా ఇచ్చి, నెలాఖరున ఆ క్రెడిట్‌ని అసలు ఖర్చుతో పోల్చాలి. తేడా మరీ పెరిగితే రేటు తప్పు, లేదా జాబ్ కార్డుల్లో గంటలు తప్పు.

రేటు మార్చాక సబ్మిట్ అయిన బీఓఎంల ఖర్చు దానంతటదే కదలదు. బీఓఎం అప్‌డేట్ టూల్‌తో ఖర్చులు మళ్లీ లెక్కకట్టించాలి. రేటు ఫీల్డులకు పర్మిషన్ లెవెల్ 1 ఇచ్చి, ప్రొడక్షన్ మేనేజర్‌కి, అకౌంట్స్‌కి తప్ప మిగతావారికి కనిపించకుండా చేశారు.

సెట్టింగ్ టైము, బ్యాచ్ సైజు

బీఓఎం ఆపరేషన్‌లో సెట్టింగ్ టైముకి (జాబ్ కోసం మెషిన్‌ని సిద్ధం చేసే సమయానికి) విడి గడి లేదు. 45 నిమిషాల సెట్టింగ్‌ని 200 పీసుల మీద పంచి 18 నిమిషాల సైకిల్‌కి 0.225 కలిపేస్తే, 20 పీసుల ఆర్డర్‌కి 364.5 నిమిషాలు చూపిస్తుంది. అసలు పట్టేది 405. చిన్న లాట్లు ఎక్కువగా చేసే షాపుకి ఇది ప్రతి ఆర్డర్‌లోనూ పడే దెబ్బ. సరైన పద్ధతి, సెట్టింగ్‌ని విడి ఆపరేషన్ వరసగా పెట్టి, ‘ఫిక్స్‌డ్ టైమ్’ టిక్కు పెట్టడం. అప్పుడు పీసులు ఎన్నైనా 45 నిమిషాలే.

ఇందులో ఒక చిక్కు ఉంది. సెట్టింగ్ వరసకీ, మెషినింగ్ వరసకీ టైపు మాత్రమే ఇస్తే, రెండూ రెండు వేర్వేరు మెషిన్ల మీదకు పోవచ్చు. సెట్టింగ్ వీఎం-02లో, జాబ్ వీఎం-04లో. అందువల్ల ఇలాంటి బీఓఎంలలో రెండు వరసలకూ మెషిన్ పేరే ఇచ్చారు. టైపు సౌకర్యాన్ని సెట్టింగ్ తక్కువగా ఉండే పనులకు ఉంచుకున్నారు. ఆపరేషన్ల మధ్య వ్యవధి మాన్యుఫ్యాక్చరింగ్ సెట్టింగ్స్‌లో మొదట 10 నిమిషాలుగా ఉంటుంది, దాన్ని కూడా షాపుకి తగ్గట్టు చూసుకోవాలి.

ఫర్నేస్ దగ్గర వచ్చిన తప్పు మరీ విచిత్రంగా కనిపించింది. 200 పీసుల వర్క్ ఆర్డర్ సబ్మిట్ చేస్తుంటే, రాబోయే 30 రోజుల్లో ఖాళీ సమయం దొరకలేదని ఎర్రర్. ఫర్నేస్ చూస్తే ఖాళీగానే ఉంది. టెంపరింగ్ ఒక చార్జికి వేడెక్కడం, నానడం కలిపి 240 నిమిషాలు. బ్యాచ్ సైజు (ఒకేసారి చేసే పీసుల సంఖ్య) 1గానే వదిలేయడంతో, సాఫ్ట్‌వేర్ 200ని 240తో గుణించి 48,000 నిమిషాలు, అంటే 800 గంటలు అడిగింది. 30 రోజుల్లో ఉన్నవే 720. బుట్టకు పట్టే 100ని బ్యాచ్ సైజుగా ఇచ్చాక రెండు చార్జీలు, 8 గంటలు. ఈ ఎర్రర్ రాగానే ప్లానింగ్ రోజులు 30 నుంచి 90కి పెంచేసి ముందుకు పోయేవాళ్లు ఉంటారు. అలా చేస్తే ఎర్రర్ పోతుంది, తప్పు మిగులుతుంది. బ్యాచ్ సైజు పార్టుని బట్టి మారుతుంది కాబట్టి ప్రతి బీఓఎంలోనూ ఫర్నేస్ వరస విడిగా చూడాలి.

అసెట్ వైపు

పాత మెషిన్లు ‘ఎగ్జిస్టింగ్ అసెట్’ టిక్కుతో ఎక్కించాలి. అప్పటిదాకా పడిన తరుగుదల, ఎన్నిసార్లు పడిందో ఇవ్వాలి. ఇలా ఎక్కించిన అసెట్ లెడ్జర్‌లో కొత్త ఎంట్రీ వేయదు. ఓపెనింగ్ బ్యాలెన్స్ విడిగా జర్నల్‌లో పడాలి. కేటగిరీ వారీగా అసెట్ల మొత్తం, ట్రయల్ బ్యాలెన్స్‌లోని అంకె రూపాయితో సహా కలిసేదాకా తరుగుదల షెడ్యూలు నడపలేదు. మెషిన్ ధరలో రవాణా, ఫౌండేషన్, ఎరెక్షన్ ఖర్చులు కలుస్తాయి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న జీఎస్‌టీ కలవదు. పన్నును ధరలో కలిపి దానిమీద తరుగుదల క్లెయిమ్ చేస్తే, సీజీఎస్‌టీ చట్టం 16(3) ప్రకారం ఆ క్రెడిట్ రాదు.

ఆదాయపు పన్నుకి మామూలు మెషినరీ బ్లాకుకి 15 శాతం, తగ్గుతున్న విలువ మీద. కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే. ఈ లెక్కని రెండో ఫైనాన్స్ బుక్‌గా (విడి తరుగుదల లెక్కగా) పెట్టొచ్చు. కానీ పన్ను లెక్క బ్లాకు మొత్తానిది, సాఫ్ట్‌వేర్ లెక్క ఒక్కో అసెట్‌ది కాబట్టి, ఆ బుక్‌ని ఆడిటర్‌కి సరిచూసుకునే కాగితంగానే వాడారు.

మెయింటెనెన్స్

అసెట్‌లో ‘మెయింటెనెన్స్ రిక్వైర్డ్’ టిక్కు, ఒక మెయింటెనెన్స్ టీమ్, ఆ తర్వాత పనుల జాబితా. పనుల వ్యవధి క్యాలెండర్ మీదే నడుస్తుంది: రోజూ, వారానికి, నెలకు, ఇలా 3 ఏళ్ల వరకు. మెషిన్ నడిచిన గంటల మీద నడిచే ఏర్పాటు లేదు.

మొదటి చిత్తులో రోజువారీ పనులు కూడా ఎక్కించారు. నూనె మట్టం చూడడం అనే ఒక్క పనికే 24 మెషిన్లు, 26 రోజులు, నెలకు 624 లాగ్‌లు. ఎవరూ చూడని కుప్ప అది. పైగా అలవాటుపడి టిక్కులు కొట్టేస్తుంటే నిజంగా ముఖ్యమైన లాగ్ కూడా అందులో మునిగిపోతుంది. రోజువారీ చెక్ షీటు లామినేషన్ చేసి మెషిన్ దగ్గరే వేలాడదీశారు. సాఫ్ట్‌వేర్‌లో నెలవారీ, అంతకంటే పెద్ద వ్యవధి పనులే ఉంచారు: కూలెంట్ ట్యాంకు శుభ్రం, చక్ విప్పి గ్రీజు, లెవెల్ చూడడం, ప్యానెల్ ఫ్యాన్ ఫిల్టర్లు, కంట్రోలర్ బ్యాకప్, బ్యాటరీ మార్పు. బ్యాటరీ పని వర్ణనలో ‘పవర్ ఆన్‌లో ఉంచి మార్చాలి’ అని తెలుగులోనే రాశారు. ఆ ఒక్క వాక్యం లేక పారామీటర్లు పోగొట్టుకున్న షాపులు తక్కువేం కాదు.

సీఎంఎం, ఫర్నేస్ థర్మోకపుల్, ప్రెషర్ గేజ్‌లు క్యాలిబ్రేషన్ రకం పనులు, వాటికి సర్టిఫికెట్ టిక్కు పెట్టాలి. క్రేన్‌ని 12 నెలలకు ఒకసారైనా సమర్థుడైన వ్యక్తి చేత తనిఖీ చేయించాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నుంచి వస్తున్న నియమం. ఆ రిపోర్టు కూడా ఇదే దారిలో అటాచ్ చేస్తారు.

గంటల లెక్క కోసం, నెలకోసారి కంట్రోలర్ స్క్రీన్ మీది కటింగ్ టైమ్‌ని అసెట్‌లో ఒక ఫీల్డులో రాస్తున్నారు. దీనికి ఇంకో ఉపయోగం ఉంది. ఒక నెలలో కంట్రోలర్ 180 గంటలు కోసిందని, జాబ్ కార్డులు 320 గంటలు అని చెబితే, జాబ్ కార్డులు షిఫ్టు చివర్లో ఊహించి నింపుతున్నారని అర్థం. కొంత తేడా సహజం, లోడింగ్, కొలతలు కటింగ్‌లోకి రావు. అంత తేడా సహజం కాదు.

మెషిన్ ఆగినప్పుడు రెండుచోట్ల రాయాలి. డౌన్‌టైమ్ ఎంట్రీ వర్క్‌స్టేషన్ మీద పడుతుంది, అసెట్ రిపేర్ అసెట్ మీద పడుతుంది. మొదటిది ఆపరేటర్ రాస్తాడు, రెండోది ఫిట్టర్. ముందు పెట్టుకున్న లింక్ ఫీల్డ్ ఇక్కడ అక్కరకొస్తుంది. రెండింటినీ కలిపి ఒక రిపోర్టు తీస్తే, మెషిన్ 9 గంటలు ఆగినప్పుడు రిపేరుకి పట్టింది 2 గంటలేనని, మిగతా 7 గంటలు స్పేర్ కోసం ఎదురుచూపేనని తెలుస్తుంది. డౌన్‌టైమ్ ఎంట్రీ వేసినంత మాత్రాన ప్లానింగ్ ఆ మెషిన్‌ని వదలదు. ఆగిన మెషిన్ మీది జాబ్ కార్డులను ఇన్‌చార్జ్ చేత్తోనే వేరే మెషిన్‌కి మార్చాలి.

ఎక్కించిన వరస

లింకు ఫీల్డులు ముందే ఉన్న రికార్డులను అడుగుతాయి కాబట్టి వరస తప్పకూడదు. ప్రొడక్షన్ వైపు హాలిడే లిస్టు, వర్క్‌స్టేషన్ టైపు, వర్క్‌స్టేషన్, ఆపరేషన్, రూటింగ్ (ఆపరేషన్ల వరస), బీఓఎం. అసెట్ వైపు లొకేషన్, అసెట్ కేటగిరీ, ఫిక్స్‌డ్ అసెట్ టిక్కు ఉన్న ఐటమ్, అసెట్, మెయింటెనెన్స్ టీమ్, మెయింటెనెన్స్. వర్క్‌స్టేషన్లు ముందు ఎక్కాలి, అసెట్‌లోని లింక్ వాటినే వెతుకుతుంది. డేటా ఇంపోర్ట్‌లో పని గంటల రెండో వరసకి వర్క్‌స్టేషన్ పేరు గడి ఖాళీగా వదలాలి. పేరు మళ్లీ రాస్తే దాన్ని ఇంకో రికార్డుగా తీసుకుని, అదే పేరు ఉందని ఎర్రర్ ఇస్తుంది. సున్నాతో మొదలయ్యే సీరియల్ నంబర్లకు ఎక్సెల్‌లో ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి, లేకపోతే సున్నాలు ఎగిరిపోతాయి.

అసలు సైట్‌లో పెట్టకముందు, అప్పటికే పూర్తయిన మూడు ఆర్డర్లను టెస్ట్ సైట్‌లో మళ్లీ నడిపారు: ఒకటి చిన్న లాట్, ఒకటి పెద్ద లాట్, ఒకటి ఫర్నేస్ ఉన్నది. ప్లాన్ చూపించిన గంటలను, ఆనాటి షిఫ్టు రిజిస్టర్‌లోని గంటలతో వరస వారీగా పోల్చారు. ఫర్నేస్ బ్యాచ్ తప్పు, సెట్టింగ్ వేరే మెషిన్‌కి పోవడం ఇక్కడే దొరికాయి.

మెషిన్ అమ్మినా, తుక్కుకి వేసినా, అసెట్‌ని సేల్స్ ఇన్‌వాయిస్ ద్వారానో, స్క్రాప్ బటన్ ద్వారానో మూసేయాలి. వర్క్‌స్టేషన్‌ని మాత్రం తొలగించడం కుదరదు, పాత జాబ్ కార్డులు దాన్ని పట్టుకుని ఉంటాయి. దాని టైపు ఖాళీ చేసి, ఏ బీఓఎంలోనూ పేరు లేకుండా చూసి, ఆపరేషన్లలో డిఫాల్ట్‌గా ఉంటే మార్చాలి. ఆ చోట్లోకి కొత్త మెషిన్ వచ్చినా పాత నంబరు ఇవ్వరు. సీఎల్-03 పోతే వచ్చేది సీఎల్-09.